జర్మన్ పూర్వీకులు: మెనొనైటా, బ్రెదరనా, లూథరనా? ఎక్కడ మొదలుపెట్టాలి?

శ్రావణి_డేటన్

అందరికీ నమస్తే. మా ఆయన అమెరికన్, మేముండేది ఒహాయోలో డేటన్ దగ్గర. మా అత్తగారు పెద్ద ఇల్లు అమ్మేసి చిన్న ఫ్లాట్‌కి మారుతూ పాత కాగితాల పెట్టె ఒకటి మాకిచ్చారు. "జర్మనీ నుంచి వచ్చాం, మెనొనైట్లం, తర్వాత బ్రెదరన్‌లో కలిశాం" అని మా ఆయన ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. ఇవి రెండూ క్రైస్తవ సంఘాల పేర్లు. నా వైపు ఏడు తరాలు పిల్లలకి గడగడా చెప్పగలను. వాళ్ల నాన్న వైపు మూడో తరం దాటితే నోరు పెగలదు. అందుకే దీని వెంట పడ్డాను.

అత్తగారి పుట్టింటి పేరు వీవర్. పెట్టెలో రంగులు వేసిన పెద్ద కాగితం ఒకటుంది. పక్షులు, పూలు, మధ్యలో జర్మన్ అచ్చు అక్షరాలు, ఖాళీల్లో చేతిరాత. 1797 అనీ, బర్క్స్ కౌంటీ, పెన్సిల్వేనియా అనీ చదవగలిగాను. ఇంటిపేరు అందులో వేబర్ అని ఉంది. 1884 నాటి పత్రిక ముక్క కూడా ఉంది, ముత్తాత గారి తండ్రి చనిపోయినప్పటిది. ఆయన "జర్మన్ బాప్టిస్ట్" సంఘంలో ఉన్నారని రాశారు. మరి బ్రెదరన్ అన్నది ఎక్కడిది?

ఇంకో చిక్కు మామగారి తల్లి వైపు. ఇంటిపేరు వీబె, కాన్సాస్. 1900 జనాభా లెక్కల్లో ఆవిడ తండ్రి పుట్టింది రష్యా అని ఉంది. రష్యాలో పుట్టినవాళ్లు జర్మన్లు ఎలా అయ్యారు?

ఒక వంశవృక్షం సైట్‌లో మా వీవర్లని లాంకాస్టర్ కౌంటీ వీవర్లాండ్ మెనొనైట్లకి కలిపేసి, స్విట్జర్లాండ్‌లో 1500ల దాకా ఎక్కించేశారు. నమ్మొచ్చా?

పాత_కాగితాలు

శ్రావణి గారూ, ఆ సైట్ చెట్టుని ముందు పక్కన పెట్టండి. నేను లాంకాస్టర్ దగ్గరే ఉంటాను, ఈ పిచ్చి నాకు చాలా కాలంగా ఉంది. వేబర్ అంటే నేతపని చేసేవాడు. వృత్తి మీద వచ్చిన పేరు కాబట్టి జర్మన్ మాట్లాడే ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. లూథరన్లలో, రిఫార్మ్‌డ్ (కాల్విన్ బాట) వాళ్లలో, క్యాథలిక్కుల్లో, మెనొనైట్లలో అందరిలోనూ ఉన్నారు. వీవర్లాండ్‌లో 1720ల్లో స్థిరపడ్డ వేబర్లు నిజంగానే మెనొనైట్లు. మీవాళ్లు వాళ్ల పిల్లలనడానికి ఇంటిపేరు ఒక్కటే సరిపోదు.

మీ పెట్టెలో అన్నిటికన్నా విలువైనది ఆ రంగుల కాగితం. దాన్ని టౌఫ్‌షైన్ అంటారు, బాప్తిస్మ పత్రం. 1780ల నుంచి పెన్సిల్వేనియాలో అచ్చు ఫారాలుగా అమ్మేవారు, పేర్లు చేత్తో నింపేవారు. ఇప్పుడు ఒక్కటి చూసి చెప్పండి. పుట్టిన తేదీ తర్వాత బాప్తిస్మం తేదీ, పాస్టర్ పేరు, సాక్షుల పేర్లు రాసే ఖాళీలు ఉంటాయి. అవి నింపారా, వదిలేశారా?

గుంటూరు_సురేష్

ఆ ఖాళీలతో ఏం తేలుతుంది సార్?

పాత_కాగితాలు

మొత్తం అంతా తేలుతుంది. మెనొనైట్లు, ఆమిష్, బ్రెదరన్ ముగ్గురూ పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు. 1525 జనవరిలో జ్యూరిక్‌లో కాన్రాడ్ గ్రేబెల్, జార్జ్ బ్లౌరాక్ లాంటివాళ్లు పెద్దయ్యాక మళ్లీ బాప్తిస్మం తీసుకోవడంతోనే ఈ కథ మొదలైంది. దానికోసమే ఫెలిక్స్ మాంజ్‌ని 1527లో లిమ్మాట్ నదిలో ముంచి చంపారు. ఆ నమ్మకం ఉన్న ఇంట్లో నెలల పిల్లకి బాప్తిస్మం ఇప్పించి, దాని మీద బొమ్మలు వేయించి గోడకి తగిలించడం జరగదు. కొందరు మెనొనైట్లు కూడా ఇలాంటి కాగితాలు చేయించుకున్నారు గానీ వాటిలో పుట్టిన వివరమే ఉంటుంది. అచ్చు ఫారం కొన్నా బాప్తిస్మం గడులు ఖాళీగా వదిలేసేవాళ్లు.

శ్రావణి_డేటన్

భూతద్దం పెట్టి చూశాను. నింపారండి! పుట్టిన మూడు వారాలకి బాప్తిస్మం. పాస్టర్ పేరు సగం చిరిగిపోయింది. సాక్షులు భార్యాభర్తలు, వాళ్ల ఇంటిపేరు, పాప తల్లి పుట్టింటి పేరు ఒకటే. టౌన్‌షిప్ పేరు టుల్పెహాకెన్.

పాత_కాగితాలు

అయితే 1797లో మీవాళ్లు మెనొనైట్లు కాదు, బ్రెదరన్ కూడా కాదు. లూథరన్లు గానీ రిఫార్మ్‌డ్ గానీ అయ్యుండాలి. ఆ రెండు సంఘాలూ అక్కడ చాలాచోట్ల ఒకే కట్టడాన్ని వంతులవారీగా వాడుకునేవి. అందుకని రెండు రిజిస్టర్లూ చూడాలి.

దీనికి దిగులు పడకండి, ఇది మీకు కలిసొచ్చింది. మెనొనైట్లకి 18వ శతాబ్దంలో చర్చి రిజిస్టర్లు దాదాపు లేవు. లూథరన్లకి ఉన్నాయి. బాప్తిస్మం పేజీలో తల్లిదండ్రులు, సాక్షులు ఉంటారు. సాక్షులుగా మామూలుగా దగ్గర చుట్టాలనే పెట్టుకునేవారు. మీ కాగితంలోని ఆ సాక్షి పాపకి మేనమామ కావచ్చు. తల్లి పుట్టింటి వైపు కూడా ఒక దారి దొరికినట్టే.

సందేహం_సుబ్బారావు

ఒక్క కాగితంతో ఇంత నిర్ధారణా? ఇంట్లోవాళ్లు తరతరాలుగా మెనొనైట్లమని చెప్పుకుంటుంటే అది అబద్ధమా?

పాత_కాగితాలు

అబద్ధమని నేననలేదు సుబ్బారావు గారూ. కోడళ్ల వైపు నుంచి మెనొనైట్లు వచ్చి ఉండొచ్చు. తర్వాతి తరంలో ఎవరో ఆ సంఘంలో పెళ్లి చేసుకుని ఉండొచ్చు. ఇంకో సంగతి, సాదా బట్టలు కట్టుకుని, యుద్ధానికి మేం రాబోమనే వాళ్లందరినీ బయటివాళ్లు ఒకే గాటన కట్టేవారు. నేను చెప్పేది మగ వరస గురించి, అదీ 1797 నాటి సంగతి. దానికి చేతిలో పత్రం ఉంది. ఆ సైట్ చెట్టుకి ఏముంది?

నరసాపురం_అమ్మాయి

మాది పశ్చిమ గోదావరి, మేం బ్రదరన్ సహవాసం వాళ్లం. మా దగ్గర బౌడెన్, బీర్ అనే దొరలు 1836లో వచ్చి గోదావరి డెల్టా మిషన్ మొదలుపెట్టారు. శ్రావణి గారి అత్తగారి వాళ్లు కూడా మావాళ్లేనా?

పాత_కాగితాలు

కాదమ్మా. మీ సహవాసం మూలం ఐర్లండ్, ఇంగ్లండ్. 1820లు, 30ల్లో పుట్టింది, ప్లిమత్ బ్రెదరన్ అంటారు. జర్మన్ వలసలతో దానికి సంబంధం లేదు. నువ్వు అడగడం మంచిదైంది. ఈ పొరపాటు వల్ల అమెరికాలోనూ బోలెడంత మంది తప్పు ఆర్కైవ్‌కి ఉత్తరాలు రాస్తుంటారు.

శ్రావణి గారి పత్రిక ముక్కలో "జర్మన్ బాప్టిస్ట్" అని ఉంది కదా, వాళ్లే ఇప్పటి చర్చ్ ఆఫ్ ది బ్రెదరన్. 1908లో పేరు మార్చుకున్నారు. పాత పన్ను లెక్కల్లో, కౌంటీ చరిత్రల్లో డంకర్లు, డంకర్డ్‌లు, టంకర్లు అని కనిపిస్తారు. 1708లో జర్మనీలోని ష్వార్జెనౌలో అలెగ్జాండర్ మాక్‌తో కలిపి ఎనిమిది మంది ఏడర్ నదిలో బాప్తిస్మం తీసుకోవడంతో మొదలయ్యారు. పీటర్ బెకర్ వెంట ఒక గుంపు 1719లో జర్మన్‌టౌన్ చేరింది, మాక్ 1729లో వచ్చారు. వీళ్లు మెనొనైట్ల నుంచి చాలా తీసుకున్నారు గానీ మెనొనైట్ల శాఖ కాదు. మొదటివాళ్లు ఎక్కువగా రిఫార్మ్‌డ్, లూథరన్ ఇళ్ల నుంచి బయటికొచ్చినవాళ్లు.

రివర్ బ్రెదరన్ అని ఇంకొకరు, 1780 ప్రాంతంలో లాంకాస్టర్ కౌంటీలో పుట్టారు. యునైటెడ్ బ్రెదరన్ మరొకరు. మార్టిన్ బోమ్ అనే మెనొనైటూ, ఒట్టర్‌బైన్ అనే రిఫార్మ్‌డ్ పాస్టరూ కలిసి 1800లో కట్టిన సంఘం అది. దాని వారసులు 1968లో మెథడిస్టుల్లో కలిశారు. మొరేవియన్లనీ బ్రెదరన్ అంటారు. వాళ్లది బెత్లెహేమ్, పెన్సిల్వేనియా. వాళ్లు మాత్రం రాసిపెట్టడంలో దిట్టలు. చనిపోయిన ప్రతి మనిషికీ జీవితకథ రాసి దాచే అలవాటు వాళ్లది. మీవాళ్లు మొరేవియన్లయితే నాకు ఈ శ్రమే ఉండేది కాదు!

గుంటూరు_సురేష్

సార్, చిన్న మాట. మాది లూథరన్ సంఘం. గుంటూరులో మా సంఘం మొదలుపెట్టిన హేయర్ గారు 1842లో పెన్సిల్వేనియా లూథరన్ల తరఫునే వచ్చారు, పుట్టింది జర్మనీ. ఆ సంఘాన్ని 1748లో కట్టింది మ్యూలెన్‌బర్గ్, ఆయన్ని పంపింది జర్మనీలోని హాలె ఊరి మిషన్. మన తెలుగు పుస్తకాలు 1740ల్లో అచ్చువేయించిన బెంజమిన్ షుల్జే కూడా ఆ హాలె మనిషే. శ్రావణి గారి 1797 కాగితం మీది పాస్టర్ కూడా ఆ సంఘం వాడే అయ్యుండొచ్చంటే భలే అనిపించింది.

పాత_కాగితాలు

అయ్యుండొచ్చు సురేష్. రిఫార్మ్‌డ్ అయితే కాదు. రిజిస్టర్ దొరికాక తేలుతుంది.

శ్రావణి_డేటన్

మరి లూథరన్లు ఎప్పుడు బ్రెదరన్ అయ్యారంటారు? 1797లో బాప్తిస్మం తీసుకున్న పాపకి తమ్ముడు ఉన్నాడు, కుటుంబ బైబిల్లో 1801 అని ఉంది. 1884లో పోయినాయన ఆ తమ్ముడి కొడుకు.

పాత_కాగితాలు

ఆ తమ్ముడి కాలంలో అయ్యుంటారని నా అంచనా. మీ డేటన్ ఉన్న మోంట్‌గొమరీ కౌంటీ 1803లో ఏర్పడింది. మియామీ లోయ భూములు సిన్సినాటి ల్యాండ్ ఆఫీసులో అమ్మేవారు. పెన్సిల్వేనియా డచ్చి (అంటే అక్కడి జర్మన్) కుటుంబాలు గుంపులుగా వచ్చి కొన్నాయి. కొత్తచోట లూథరన్ పాస్టర్ ఏడాదికోసారి కూడా రాడు. పక్క పొలం వాళ్లు డంకర్లు, వాళ్ల పెద్దలు జీతం లేకుండా వాళ్లలోంచే ఎన్నికైన రైతులు, వాక్యం జర్మన్‌లో చెప్తారు. అలా చేరిపోయినవాళ్లు లెక్కలేనంత మంది.

కాబట్టి ఇక్కడ వెతకాల్సింది భూమి కాగితాలు. మొదటి కొనుగోలు పట్టాలు ఫెడరల్ ల్యాండ్ ఆఫీస్ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. పక్క పొలాలు ఎవరివో కూడా రాసుకోండి. తర్వాత కోర్టులో వీలునామాలు, మైనర్ల గార్డియన్ కాగితాలు. బ్రెదరన్ సభ్యుల జాబితాలు రాసేవాళ్లు కాదు, రాసినా ఇంటి బీరువాలో పోయేవి. చర్చిలో ఏమీ దొరక్కపోతే కోర్టుకి వెళ్లాలి, అంతే.

1884 అన్నారు కాబట్టి ఇంకొకటి. బ్రెదరన్ 1881–83 మధ్య మూడు ముక్కలయ్యారు. పాత పద్ధతి వాళ్లు 1881లో విడిపోయారు, వాళ్లకి మీ మియామీ లోయే పెద్ద స్థావరం. ముందుకెళ్దామన్నవాళ్లు 1883లో సరిగ్గా మీ డేటన్‌లోనే సభ పెట్టి వేరే సంఘం కట్టుకున్నారు. మధ్యలో ఉన్నవాళ్లే 1908లో పేరు మార్చుకున్నది. 1884లో పోయిన ఆయన ఏ ముక్కలో ఉన్నారో తెలిస్తే ఏ పత్రికలో సంతాపం పడిందో తెలుస్తుంది. పాత పద్ధతి వాళ్లది విండికేటర్, 1870 నుంచి ఉంది. మధ్యవాళ్ల కాగితాలు ఇల్లినాయ్ ఎల్గిన్‌లోని బ్రెదరన్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి.

సందేహం_సుబ్బారావు

ఒక డీఎన్‌ఏ కిట్ తెప్పించుకుంటే ఇవన్నీ అక్కర్లేదు కదండీ. ఉమ్మేసి పంపడమే.

కాన్సాస్_రమణ

అన్నా, ఉమ్మితే చుట్టాల జాబితా వస్తుంది, ఏ ఊరో రాదు. పైగా ఈ మెనొనైట్ కుటుంబాలు తరాల తరబడి వాళ్లలో వాళ్లే పెళ్లిళ్లు చేసుకున్నారు. మూడో తరం కజిన్ అని చూపించినవాడు నిజానికి ఆరో తరం వాడై, నాలుగు వైపుల నుంచి కలిసుంటాడు. మేనరికాల ఊళ్లో పుట్టిన మనకి ఇది ఇట్టే అర్థమవ్వాలి. మగ వరసకి, తండ్రి నుంచి కొడుక్కి దిగే వై క్రోమోజోమ్ పరీక్ష అయితే వేరే మాట. అత్తగారికి తమ్ముడో, తమ్ముడి కొడుకో ఉండి ఒప్పుకుంటే వీవర్లాండ్ వేబర్ల వారసులతో పోల్చొచ్చు. కలవకపోతే ఆ సైట్ చెట్టు పడిపోయినట్టే.

శ్రావణి గారూ, మీ వీబె సంగతి నాకు వదిలేయండి. నేను విచిటాలో ఉంటాను. ఇక్కడ హిల్స్‌బరో, న్యూటన్ వైపు ఫ్రీజెన్, పెన్నర్, రైమర్, టేవ్స్, వీబె పేర్లు లేని వీధి ఉండదు.

ఆ రష్యా అన్నది ఇప్పటి ఉక్రెయిన్. వీళ్ల పూర్వీకులు 1500ల్లో హాలండ్, ఫ్రీస్‌లాండ్, ఉత్తర జర్మనీ నుంచి విస్తులా నది డెల్టాకి, అంటే ఇప్పటి పోలండ్‌లోని గ్డాన్‌స్క్ చుట్టుపక్కలకి వెళ్లారు. నీళ్లు నిలిచే లంక భూముల్ని కట్టలు వేసి సాగులోకి తెచ్చారు. ఆ ప్రాంతం 1772లో ప్రష్యా చేతికి వచ్చింది. సైన్యంలో చేరనివాళ్లు కొత్త భూములు కొనకుండా అడ్డంకులు పెట్టారు. రష్యా రాణి కేథరిన్ రమ్మంది. 1789లో ద్నీపర్ ఒడ్డున ఖోర్టిట్సా, 1804లో మొలోచ్నా కాలనీలు కట్టారు. 1870ల్లో రష్యా కూడా అందరూ సైన్యంలో చేరాలనేసరికి మళ్లీ మూట కట్టారు. 1874 నుంచి పదేళ్లలో సుమారు 18,000 మంది కాన్సాస్, నెబ్రాస్కా, మినెసోటా, మానిటోబాలకి వచ్చారు. ఇన్ని దేశాలు తిరిగినా ఇంట్లో మాట్లాడింది ప్లాట్‌డైచ్ అనే ఉత్తర జర్మన్ మాండలికం, చర్చిలో చదివింది జర్మన్. అందుకే 1910 జనాభా లెక్కలు తీయండి, మాతృభాష గడి ఉంటుంది. పుట్టింది రష్యా, భాష జర్మన్ అని ఉంటే మీ సందేహం తీరిపోతుంది.

శ్రావణి_డేటన్

రమణ గారూ, తీశాను. అచ్చం అలాగే ఉంది! 1900 లెక్కల్లో వలస వచ్చిన ఏడు 1876 అని ఉంది. తర్వాత?

కాన్సాస్_రమణ

1885 కాన్సాస్ రాష్ట్ర లెక్కలు చూడండి. కాన్సాస్‌కి ఎక్కడి నుంచి వచ్చారో అందులో అడిగారు. నేరుగా రష్యా నుంచా, మధ్యలో ఇంకో రాష్ట్రంలో ఆగారా తెలుస్తుంది. తర్వాత ఓడ. న్యూయార్క్ లిస్టులో "రష్యా" అని మాత్రమే ఉన్నా, హాంబర్గ్ నుంచి బయల్దేరి ఉంటే హాంబర్గ్ లిస్టులో ఊరు పేరు దొరికే అవకాశం ఉంది. 1850 నుంచి ఆ లిస్టులు ఉన్నాయి. 1876 గదా, కుటుంబం మొత్తం ఒకే చోట వరసగా రాసి ఉంటారు. పిల్లల వయసులు బట్టి గుర్తుపట్టొచ్చు.

అప్పుడు గ్రాండ్‌మా దగ్గరికి వెళ్లండి. నవ్వకండి, అది డేటాబేస్ పేరు. కాలిఫోర్నియా మెనొనైట్ హిస్టారికల్ సొసైటీ వాళ్లది, చందా కట్టాలి. ప్రష్యా, రష్యా దారిలో వచ్చిన మెనొనైట్లు పది లక్షలకి పైగా ఉన్నారు అందులో, ఒక్కొక్కరికి ఒక నంబర్. అందులో దొరికిన మనిషిని పట్టుకుని 1835 మొలోచ్నా లెక్కలకీ, అక్కడి నుంచి 1776 ప్రష్యా మెనొనైట్ల జాబితాకీ వెళ్లొచ్చు. వీబె పేరున్నవాళ్లు అందులో వేలల్లో ఉంటారు. పుట్టిన తేదీ, భార్య పుట్టింటి పేరు చేతిలో లేకుండా దిగితే మునిగిపోతారు.

ఇంకో మాట, మీ వీవర్ల కోసం గ్రాండ్‌మాలో వెతక్కండి. స్విస్, పెన్సిల్వేనియా వాళ్ల కోసం కట్టింది కాదది.

పాలమూరు_జాన్

శ్రావణక్కా, వీబె, ఫ్రీజెన్ పేర్లు చూసి ఆగిపోయిన. మాది మహబూబ్‌నగర్. మేం ఎంబీ, అంటే మెనొనైట్ బ్రెదరన్. మా ఊరి పెద్దోళ్లకు ఈ పేర్లన్నీ దొరల పేర్లుగా నోటికొచ్చు. 1889లో వచ్చి నల్గొండలో పనిచేసిన అబ్రహాం ఫ్రీజెన్ ఆ రష్యా మెనొనైట్లలోంచే వచ్చిండు. అప్పుడు అమెరికన్ బాప్టిస్టులతో కలిసి పనిచేసిండ్రు. తర్వాత 1899లో అమెరికా నుంచి హీబర్ట్ దొర హైదరాబాద్ వచ్చిండు. షంషాబాద్ ఆస్పత్రిలో డాక్టర్ కాథరీనా షెల్లెన్‌బర్గ్ అని ఒకామె చాలా ఏండ్లు చేసింది. రష్యాలో పుట్టి కాన్సాస్‌లో పెరిగిన మనిషి, 1945లో షంషాబాద్‌లోనే చనిపోయింది. మీ వీబె వాళ్లు ఎంబీనా, ఒట్టి మెనొనైటా? అడిగి చూడుండ్రి.

శ్రావణి_డేటన్

జాన్ తమ్ముడూ, ఇది నేనసలు ఊహించలేదు! మామగారిని ఇప్పుడే ఫోన్‌లో అడిగాను. వాళ్ల అమ్మ హిల్స్‌బరోలో ఎంబీ చర్చికి వెళ్లేదట. వాళ్లింటికి "ఇండియా మిషనరీలు" వచ్చి మ్యాజిక్ లాంతరులో బొమ్మలు చూపించేవాళ్లని ఆవిడ చెప్పేదట. ఇన్నేళ్లలో ఆయన నాతో ఈ సంగతి ఎప్పుడూ అనలేదు, ఆ ఇండియా మనవైపే అని ఆయనకీ తెలియదు.

కాన్సాస్_రమణ

ఎంబీ అయితే ఇంకా నయం. ఆ సంఘం 1860 జనవరిలో మొలోచ్నాలో విడిపోయింది. వాళ్లు బాప్తిస్మానికి మనిషిని నదిలో వెనక్కి వాల్చి ముంచుతారు. పాత మెనొనైట్లు తలమీద నీళ్లు పోస్తారు. డంకర్లు మోకాళ్ల మీద కూర్చోబెట్టి ముందుకి మూడుసార్లు ముంచుతారు. సంతాప ప్రకటనల్లో బాప్తిస్మం ఎలా తీసుకున్నారో రాస్తే ఏ సంఘమో తెలిసిపోతుంది.

ఎంబీ చర్చిలు కుటుంబానికో పేజీ పెట్టి రిజిస్టర్ రాసేవి. పుట్టిన ఊరు, తేదీ, బాప్తిస్మం, పెళ్లి, ఏ చర్చి నుంచి వచ్చారు, అన్నీ జర్మన్‌లో. కాలిఫోర్నియా ఫ్రెస్నోలో మెనొనైట్ బ్రెదరన్ స్టడీస్ సెంటర్ ఉంది, ముందు అక్కడ అడగండి. హైదరాబాద్ మిషన్ కాగితాలు కూడా ఆ సెంటర్‌లో ఉన్నాయి, జాన్‌కి పనికొస్తుంది. న్యూటన్ పక్కన బెతెల్ కాలేజీ ఆర్కైవ్స్ మిగతా మెనొనైట్లకి పెద్ద ఆధారం.

పాలమూరు_జాన్

మాదీ ముంచుడే అన్నా. ఫ్రెస్నో అడ్రస్ పంపు. మా తాత బాప్తిస్మం ఏ ఏడాదో మా చర్చిలనే దొరుకుతలేదు, అక్కడ ఉత్తరాలల్ల ఏమన్న ఉంటదేమో.

నరసాపురం_అమ్మాయి

పాత_కాగితాలు గారూ, నాకొక సందేహం. పసిపిల్లల బాప్తిస్మం లేదు, రిజిస్టర్లు లేవు అంటున్నారు. మరి నిజంగా మెనొనైట్లయిన వాళ్లు 1600ల దాకా ఎలా వెళ్తున్నారు?

పాత_కాగితాలు

వాళ్లని తరిమినవాళ్లు లెక్కలు బాగా రాశారమ్మా, ఆ లెక్కలతోనే వెళ్తున్నాం. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ ప్రభుత్వం ఈ పునర్బాప్తిస్తుల్ని పట్టుకోవడానికి 1699లో ప్రత్యేకంగా ఒక కార్యాలయమే పెట్టింది. ఎవరి పొలం జప్తు చేశారు, ఎంతకి అమ్మారు, పిల్లలకి ఎంత వదిలారు అన్నీ రాసి పెట్టారు. 1671లో బెర్న్ నుంచి దాదాపు 700 మంది జర్మనీలోని పాలటినేట్ ప్రాంతానికి పారిపోయారు. ముప్పై ఏళ్ల యుద్ధంతో ఆ దేశం పాడుపడి ఉంది, దున్నేవాళ్లు కావాలి. అందుకని అక్కడి రాజు కార్ల్ లుడ్విగ్ 1664లోనే వీళ్లకి అనుమతి ఇచ్చాడు, తలకింత అదనపు పన్ను మీద. పన్ను కోసం ఏ ఊళ్లో ఏ మెనొనైట్ కుటుంబం ఉందో జాబితాలు వేశారు. అవి 1793 వరకు మధ్యమధ్యలో ఉన్నాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లో డబ్బున్న డచ్ మెనొనైట్లు వీళ్లకి సాయం పంపేవాళ్లు, ఎవరికి ఎంత ఇచ్చారో ఆ లెక్క వేరే. 1711లో రైన్ నది మీద పడవల్లో పంపిన బెర్న్ వాళ్ల పేర్లు అందులో ఉన్నాయి.

కొన్ని ఊళ్లలో మెనొనైట్ చనిపోతే ఊరి రిఫార్మ్‌డ్ లేదా క్యాథలిక్ పాస్టర్ తన పుస్తకంలో రాసుకునేవాడు, మతం వేరని ఒక మాట చేర్చి. పాలటినేట్‌లో వైయర్‌హోఫ్ అనే ఊళ్లో మెనొనైట్ పరిశోధన కేంద్రం ఉంది, ఇలాంటివి అక్కడ అడగొచ్చు.

అమెరికా వైపు ఫిలడెల్ఫియా ఓడల లిస్టులు 1727 నుంచి మొదలవుతాయి. పదహారేళ్లు దాటిన మగవాళ్లు ఇంగ్లండ్ రాజుకి విధేయత చెప్పి సంతకం పెట్టాలి. కెప్టెన్ లిస్టులో గుమాస్తా చెవికి వినపడినట్టు రాసుకున్నాడు. ప్రమాణం లిస్టులో వాళ్ల స్వంత దస్తూరీ ఉంటుంది. ఆ సంతకాన్ని తర్వాత వీలునామా మీది సంతకంతో పోలిస్తే ఒకే పేరున్న ఇద్దరు ముగ్గుర్ని విడదీయొచ్చు. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం అదే.

గుంటూరు_సురేష్

శ్రావణి గారి వేబర్లు కూడా 1727 తర్వాతే వచ్చి ఉంటారా?

పాత_కాగితాలు

తప్పనిసరి కాదు. టుల్పెహాకెన్ అన్నారు కాబట్టి ఇంకో దారి ఉంది. 1709లో పాలటినేట్ నుంచి వేలమంది లండన్‌కి ఎగబడ్డారు. వాళ్లలో సుమారు 3,000 మందిని 1710లో న్యూయార్క్‌కి పంపారు, నౌకాదళానికి తారు తీయించాలని. ఆ పథకం బెడిసికొట్టింది. కొందరు స్కోహారీ లోయకి వెళ్లారు, అక్కడా పట్టాలు దక్కలేదు. 1723లో కొన్ని కుటుంబాలు సస్క్వెహానా నది మీదుగా దిగి టుల్పెహాకెన్‌లో ఇళ్లు వేసుకున్నాయి. వాళ్లు ఎక్కువగా లూథరన్లు, రిఫార్మ్‌డ్‌లే. శ్రావణి గారి వేబర్లు వాళ్లలో ఉంటే ఫిలడెల్ఫియా ఓడల్లో ఎంత వెతికినా దొరకరు. న్యూయార్క్ గవర్నర్ హంటర్ రేషన్ ఇచ్చిన లెక్కలు 1710 నుంచి 1712 దాకా ఉన్నాయి, అవి చూడాలి. అది తేలేదాకా ఫలానా ఓడ అని ఎవరు చెప్పినా నమ్మొద్దు.

విప్లవ యుద్ధం నాటి కాగితాలు కూడా వదలొద్దు. 1777లో పెన్సిల్వేనియా కొత్త ప్రభుత్వానికి ప్రమాణం చేయాలంది. మెనొనైట్లు, డంకర్లు చేయలేదు, మిలీషియాకి రాలేదు, జరిమానాలు కట్టారు. జర్మన్ బైబిల్ అచ్చువేసిన జర్మన్‌టౌన్ సావర్ల ఆస్తి 1778లో జప్తు అయింది, వాళ్లు బ్రెదరన్. మీ వేబర్ జరిమానా కట్టాడా, మిలీషియాలో కవాతు చేశాడా అన్నది బర్క్స్ కౌంటీ లిస్టుల్లో చూడండి. కవాతు చేసి ఉంటే నేను టౌఫ్‌షైన్ చూసి చెప్పిన మాటకి ఇంకో బలం. జరిమానా ఒక్కటే అయితే మాత్రం తొందరపడొద్దు, లూథరన్లు కూడా పంటకోతల్లో డుమ్మా కొట్టి కట్టినవాళ్లు ఉన్నారు.

సందేహం_సుబ్బారావు

సరే, ఒప్పుకుంటున్నా, ఉమ్మితే ఇవన్నీ తెలియవు. కానీ శ్రావణి గారూ, ఇంట్లో ఈ మాట చెప్తే అత్తగారికి కష్టంగా ఉండదా? మెనొనైట్లం కాదంటే?

శ్రావణి_డేటన్

చెప్పేశానండి. "మా అమ్మ వైపు వాళ్లు అని ఉంటారులే, నాకు సరిగ్గా గుర్తులేదు" అన్నారు. ఆవిడ అమ్మ పుట్టింటి పేరు లాండిస్ అట. ఇప్పుడు అది ఇంకో తలనొప్పి.

పాత_కాగితాలు

లాండిస్! దాన్ని ముందే చెప్పాల్సింది. అది జ్యూరిక్ వైపు నుంచి వచ్చిన పేరు, లాంకాస్టర్ మెనొనైట్లలో బాగా తెలిసిన ఇల్లు. మీ ఇంట్లో మెనొనైట్ అన్న మాట ఆ వైపు నుంచి వచ్చి ఉండటానికి చాలా అవకాశం ఉంది. డంకర్లలోనూ లాండిస్‌లు ఉన్నారు కాబట్టి ఇప్పుడే ఖాయం చేయను. ఆవిడ అమ్మ పుట్టిన కౌంటీ, అమ్మమ్మ పేరు కనుక్కోండి. దానికి వేరే థ్రెడ్ మొదలుపెడదాం, ఇందులో కలిపితే గందరగోళం అయిపోతుంది.

ముందు టౌఫ్‌షైన్ సంగతి చూడండి. లామినేట్ చేయించొద్దు, టేపు అంటించొద్దు. స్కాన్‌కి కాగితం పెళుసుగా ఉంటే పగటి వెలుగులో ఫ్లాష్ లేకుండా ఫోటో తీయండి. చిరిగిన పాస్టర్ పేరు దగ్గర ఇంకా దగ్గరగా ఒకటి. వెనకవైపు కూడా, కొందరు అక్కడ తర్వాతి పిల్లల పేర్లు రాసుకునేవారు.

శ్రావణి_డేటన్

వెనక తిప్పి చూడలేదు, ఈ రాత్రికి చూస్తాను. చేతిరాత చదవడానికి ఎవరైనా సాయం చేస్తారా? ఎస్ కి, హెచ్ కి తేడా తెలియడం లేదు.

కాన్సాస్_రమణ

అది కురెంట్ అనే పాత జర్మన్ చేతిరాత. ఇక్కడ పెట్టండి, పాత_కాగితాలు గారూ నేనూ చూస్తాం. అక్షరాల పట్టిక ఒకటి ప్రింట్ తీసుకుని పక్కన పెట్టుకుంటే పేర్లు మీకే తెలుస్తాయి, పేర్లు తప్ప మిగతాదంతా ఫారంలో అచ్చే కదా.

మోడరేటర్

ఫోటోలు పెట్టేటప్పుడు బతికున్నవాళ్ల పేర్లు, అడ్రస్‌లు కనపడకుండా చూసుకోండి. జాన్ గారి మిషన్ కాగితాల ప్రశ్నని విడిగా తీసి "హైదరాబాద్ రాష్ట్రంలో ఎంబీ మిషన్ రికార్డులు" అన్న పేరుతో పెట్టాను. రమణ గారు ఫ్రెస్నో వివరాలు అక్కడ ఇవ్వగలరు. లాండిస్ థ్రెడ్ శ్రావణి గారు మొదలుపెట్టాక లింక్ ఇక్కడ కలుపుతాను.